గొంతు లేని మృగం

"దొంగ దొరికాడు మేడమ్. వస్తువొక్కటే ఇంకా దొరకలేదు," అన్నాడు ఆదిశేషు, ఆ రెండో ముక్క పెద్దగా లెక్కలోకి రాదన్నట్టు.

హబీబున్నీసా ఆపా కారు దిగి తలమీద దుపట్టా సర్దుకుంది. "వస్తువు లేకుండా దొంగ యాడ దొరికాడయ్యా? పెళ్లికూతురు రాకముందే తాళి కట్టించినట్టుండాదే నీ యవ్వారం."

ఆదిశేషు మీసం ఒకసారి కదిలింది. అబుదాబి పక్కన మఫ్రఖ్‌లోని ఆ వర్క్‌షాప్‌కి అతను సెక్యూరిటీ మేనేజరు. గుంటూరు క్రైమ్ స్టేషన్లో చాలా ఏళ్లు పనిచేశానని కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. ఏ హోదాలో చేశాడో మాత్రం చెప్పడు. ఇంతకు ముందు రెండు కేసుల్లో ఆపాకీ అతనికీ పేచీ పడింది. రెండుసార్లూ అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని తేలింది. ఆ సంగతి మరిచిపోదామని అతను చూస్తాడు, ఆపా మరిచిపోనివ్వదు.

మా సంగతి చెప్పాలి. దుబాయ్ నైఫ్‌లో ఒక బట్టలకొట్టు పైన మా సర్వే ఆఫీసు. బీమా చేసిన వస్తువు పోయిందనో, పగిలిందనో, తడిసిందనో ఎవరైనా అంటే అది నిజంగానే పోయిందా, పగిలిందా, తడిసిందా అని చూసి చెప్పడం మా పని. చూసేది ఆపా. ఫోటోలు తీసేది నేను. నా పేరు మూర్తి. ఆపాది నెల్లూరు. మనిషి పొట్టి, ప్రశ్న ఇంకా పొట్టి. చంకలో పాలు కలపని సులేమానీ చాయ్ ఫ్లాస్కు లేకుండా ఆవిడ ఏ నేరస్థలంలోనూ అడుగుపెట్టగా నేను చూడలేదు.

ఈసారి పోయింది ఒక రాతి తల.

ఆ వర్క్‌షాప్‌లో ప్రదర్శనలకి పెద్ద పెద్ద నమూనాలు తయారుచేస్తారు. ఉత్తర ఫ్రాన్సులో పదమూడో శతాబ్దంలో కట్టిన ఒక కెథడ్రల్‌ని, అంటే బిషప్పుగారి పీఠం ఉండే పెద్ద చర్చిని, పదోవంతు కొలతతో ప్లాస్టరులో పోసి నిలబెట్టారు. పదోవంతే రెండంతస్తుల మేడంత ఎత్తుంది. దాని బురుజు మూలన ఒక్క వస్తువు మాత్రం అసలుది. ఆ కెథడ్రల్ చూరు నుంచి ఎప్పుడో విరిగిన ఒక మృగం తల. ఫ్రాన్సు నుంచి అరువు తెచ్చి, బీమా చేయించి, అక్కడ తగిలించారు. రేపు పెద్దవాళ్లొచ్చి చూడాలి. ఇవాళ పొద్దున చూస్తే తల లేదు.

"దొంగ ఎవరు?" అంది ఆపా.

"సూరిబాబని, ప్లాస్టరు పనివాడు. అమలాపురం వైపు. రాత్రి షెడ్డులోంచి ఆఖరున బయటికొచ్చింది వాడే. నిచ్చెన వాడి పేరు మీదే ఉంది. ఇంకేం కావాలండీ?"

"లోపల కెమెరా లేదా?"

"ఉందండీ. ప్లాస్టరు దుమ్ముకి పాడవుతుందని గుడ్డ కప్పాం."

"పోలీసులకి చెప్పారా?"

"లేదండీ. సిద్ధార్థ్ గారు వద్దన్నారు. ప్రదర్శనకి సలహాదారు ఆయనే, లండన్లో చదివారు. పాపం కూలివాడు, జైలుకెందుకు, సాయంత్రం ఫ్లైటుకి ఇంటికి పంపేద్దాం అన్నారు. పెద్ద మేనేజరు మా ముదీర్ కూడా సరే అన్నాడు. టికెట్ తీశాం. మూడింటికి బండి ఎక్కిస్తాం, ఖలాస్."

ఆపా ఆగింది. "దొంగని ఇంటికి పంపేస్తే వస్తువు ఎట్టా దొరకతాదబ్బా?"

 ఇరుకున పడినప్పుడల్లా ఆదిశేషు వాకీటాకీ తీసి 'ఓవర్' అంటాడు. ఇప్పుడూ అన్నాడు. అవతల ఎవరూ పలకలేదు.

*

సూరిబాబు గార్డు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, వేళ్ల సందుల్లో తెల్లటి ప్లాస్టరు ఇంకా అలాగే ఉంది. పక్కన నైలాన్ తాళ్లతో అడ్డంగా నిలువుగా బిగించిన అట్టపెట్టె. దాని మీద నల్ల మార్కరుతో పేరు, ఊరు, జిల్లా, ఫోను నంబరు. దుబాయ్ నుంచి ఇంటికెళ్లే ప్రతి పెట్టె మీదా ఉండే రాతే.

"తీశావా?" అంది ఆపా.

"లేదండి."

"రాత్రి ఆఖర్న బయటికొచ్చింది నువ్వేనంట?"

"ఆయ్, నేనేనండి. దక్షిణం వైపు ఒక సెయింటుగారి ముక్కు ఊడితే అంటించొచ్చేను. ఆ మృగం వైపు వెళ్లనే లేదండి."

"పెట్టె నేనే స్వయంగా వెతికానండీ," అన్నాడు ఆదిశేషు గుమ్మంలోంచి. "అడుగు దాకా తీసి చూశా. తల లేదు. అంటే బయట ఎక్కడో దాచాడు."

"లేకపోయినా దొంగేనా?"

"లేదు కాబట్టే ఆరితేరిన దొంగండీ."

సూరిబాబు రెండు చేతులూ ముందుకు చాపాడు. "మేడంగారూ, మా ఊళ్లో చవితికి వినాయకుణ్ణి చేసేది మేమేనండి. మా తాత చేసేడు, మా నాన్న చేసేడు. గుడి గోపురం మీద బొమ్మలకి ముక్కులూ చెవులూ పెట్టిన చేతులండి ఇవి. దొంగతనం చేసి వచ్చేడని తెలిస్తే రేపు ఎవడండి నన్ను దేవుణ్ణి చెయ్యమనేది? ఉద్యోగం పోతే పోయిందండి. ఆ పేరు మాత్రం నా నెత్తిమీద పెట్టి పంపకండి."

అంటూనే ఏడ్చేశాడు.  ఆపా ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి అతనికిచ్చింది. ఆవిడ తన చాయ్ ఇంకొకరికి ఇవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"మూడింటిదాకా టైముండాది. ఈ పెట్టె ఇక్కడే ఉండాల. ముట్టుకున్నావంటే చూడు," అంది ఆదిశేషుతో.

*

షెడ్డు తలుపు దగ్గర సిద్ధార్థ్ ఎదురొచ్చాడు. నలగని నార చొక్కా, మెడలో బ్యాడ్జి. హైదరాబాదు కుర్రాడని తెలుస్తూనే ఉంది గానీ మాట మాత్రం ఎక్కడో మబ్బుల్లోంచి దిగుతున్నట్టుంటుంది.

"రండి మేడమ్. వెరీ శాడ్. గోథిక్ ఆర్కిటెక్చర్ గురించి మీకు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ ఇస్తాను, లేకపోతే ఈ నష్టం మీకర్థం కాదు."

నేను లంచ్ డబ్బా వైపు చూసుకున్నాను. కొంచెం అన్నవాడు ఎప్పుడూ కొంచెంతో ఆగడు.

ఆగలేదు. అంతకు ముందు చర్చిల గోడలు లావుగా, కిటికీలు చిన్నగా, లోపలంతా చీకటిగా ఉండేవట. పన్నెండో శతాబ్దంలో ప్యారిస్ చుట్టుపక్కల మేస్త్రీలు కమానుకి కొన పెట్టారట. గుండ్రటి కమాను బరువుని పక్కలకి ఎక్కువ తోస్తుంది, కొనదేలిన కమాను కిందికి ఎక్కువ దింపుతుంది. దాంతో గోడని పల్చన చేసి రంగుటద్దాల కిటికీలు పెట్టుకోవచ్చు. పల్చటి గోడ బయటికి ఒరిగిపోకుండా బయటినుంచి రాతి చేతులు పెట్టారు. వాటిని ఫ్లయింగ్ బట్రెస్ అంటారు.

"అంటే ముసలాయన్ని రెండు పక్కలా రెక్కలు పట్టుకోని నిలబెట్టినట్టు," అంది ఆపా.

"ఎగ్జాక్ట్‌లీ కాదు, కానీ ఎగ్జాక్ట్‌లీ," అన్నాడు సిద్ధార్థ్. "ఊరికీ ఊరికీ పోటీ మేడమ్. మా చర్చి ఎత్తంటే మా చర్చి ఎత్తని. బోవే అనే ఊళ్లో అందరికంటే ఎత్తుగా కప్పు లేపారు. పన్నెండు వందల ఎనభై నాలుగులో కొంత భాగం కూలింది. మళ్లీ కట్టారు. తర్వాత టవర్ లేపారు. అదీ కూలింది."

"అచ్చం మా బిల్డరు బంధువుల్లాగా ఉండారే. సరే, ఆ మృగం సంగతి చెప్పు నాయనా."

సిద్ధార్థ్ కళ్లు మెరిశాయి. ఇది అతనికి ఇష్టమైన పాఠమని తెలిసిపోయింది. "గార్గాయిల్! అందరూ అలంకారం అనుకుంటారు. కాదు. అది తూము. వాన నీళ్లు గోడ వెంట కారితే రాళ్ల మధ్య సున్నం కరిగిపోతుంది. అందుకని కప్పు నీళ్లని మృగం వీపులో కాలవలా తెచ్చి, గొంతులోంచి నోట్లోకి వదిలి, గోడకి దూరంగా ఉమ్మేయిస్తారు. గొంతు లేకపోతే అది గార్గాయిల్ కాదు, ఉత్త బొమ్మ. మనది ఏడువందల ఏళ్లు వాన నీళ్లు మింగింది. గొంతులో వేలు పెడితే లోపల గాజులా నున్నగా జారుతుంది."

"బరువెంతుంటాది?"

"ఆ తలా మెడా కలిపి ఎనిమిది కిలోలు."

"అంత విలువైంది అద్దాల పెట్టెలో పెట్టకుండా అంత ఎత్తున ఎందుకు తగిలించినారు?"

"అది ఉండాల్సిన చోటే చూడాలని. అది నా ఐడియా." కాస్త గర్వంగానే చెప్పాడు. "మిగతా గార్గాయిల్స్ కన్నా పెద్దది, స్కేలు తప్పుతుంది. అయినా అసలుది కదా!"

"పోయిందని మొదట చూసింది ఎవరు?"

"నేనే. పొద్దున ఏడింటికి తలుపు తీశాను. సరిగ్గా ఇక్కడే నిలబడ్డాను. పైకి చూశాను. ఉత్తరపు టవర్ మూల ఖాళీ! గుండె ఆగినంత పనైంది. లోపలికి అడుగైనా పెట్టకుండా వెంటనే ఆదిశేషు గారికి ఫోన్ చేశాను."

"మూర్తీ, నువ్వు సరిగ్గా ఇక్కడే నిలబడి ఒక ఫోటో తీ," అంది ఆపా. "తలుపులోంచి బురుజుదాకా మొత్తం రావాల."

తీశాను. ఎందుకో అడగలేదు. అడిగితే చెప్పదు.

*

లోపల ఆ కట్టడం నిజంగానే బాగుంది. ఒప్పుకోకపోతే పాపం. వేలెడేసి సెయింట్లు వందలమంది, ఒక్కొక్కరికి ఒక్కో మొహం. కొందరి మొహాల్లో కోనసీమ పోలికలు కనిపించాయి. ఒక సెయింటుగారైతే అచ్చం మా పెదనాన్నే.

ఆపా వాళ్లని పట్టించుకోలేదు. నిచ్చెన తెప్పించి, చెప్పులు విడిచి, బురుజు మూలదాకా ఎక్కింది. కింద ఆదిశేషు నిచ్చెన పట్టుకున్నాడు, ఆవిడ మీద గౌరవంతో కాదు, నిచ్చెన సాక్ష్యం కాబట్టి. మృగం ఉండాల్సిన చోట రెండు ఇనప కొక్కేలున్నాయి. వంగలేదు, విరగలేదు, గీత పడలేదు. ఎవరో నెమ్మదిగా, జాగ్రత్తగా ఎత్తి తీశారు.

దిగుతూ దిగుతూ ఆవిడ పడమటి ద్వారం దగ్గర ఆగింది. మూడు కొనదేలిన కమానులు, మధ్య గుమ్మానికి రెండు పక్కలా చెక్కిన పెద్ద సెయింట్లు. వాళ్లలో ఒకాయన చేతికి నల్లదారం ముడివేసి ఉంది. ముడి కింద దారం తెగిపోయింది.

"ఇక్కడేదో వేలాడినట్టుండాదే?"

"అదా!" ఆదిశేషు ఛాతీ పెరిగింది. జేబులోంచి సీలు వేసిన ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల దారానికి గుచ్చిన ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. "ఎవిడెన్స్ నంబర్ వన్. ఇది మామూలు దొంగతనం కాదండీ, దీని వెనక క్షుద్రపూజలు చేసే ముఠా ఉంది. అందుకే మిరపకాయలు ఏడే కట్టారు!"

ఆపా ఆ కవరుని, తర్వాత అతన్ని, మళ్లీ కవరుని చూసింది. "గుంటూరోడివి గదయ్యా నువ్వు. మీ ఇంటి గుమ్మానికి ఏం కట్టుకుంటారు, యాపిల్ పళ్లా?"

"ఇంటికి కడితే వేరండీ. చర్చికి కట్టడం క్రైమ్ యాంగిల్."

"ఈ షెడ్డు ఊడ్చేదెవరు?"

"గంగాభవాని అని క్లీనింగావిడ. ఆవిణ్ణి అడగలేదండీ. టెక్నికల్ స్టాఫునే అడిగాం."

"పిలిపించు."

పిలిపించక్కర్లేకపోయింది. ఆవిడే వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, యూనిఫాం మీద చున్నీ బిగించి కట్టి, చేతిలో తుడుపు కర్ర. వస్తూనే ఆదిశేషు చేతిలో కవరు చూసి, "అయ్ బాబోయ్, దాన్ని తీసేసేరేంటండీ? ఆదివారం దాకా ఉంచాలండి!" అంది.

 ఆపా చల్లగా అడిగింది. "నువ్వు కట్టావా తల్లీ?"

"ఆయ్, నేనేనండి. బిల్డింగు అయిపోయింది కదండీ. అయిపోయేక దిష్టిబొమ్మని తీసేసి నిమ్మకాయ కట్టాలి కదా. ఇంతమంది మగోళ్లున్నారు, ఒక్కళ్లకీ పట్టలేదు. రేపు పెద్దపెద్దోళ్లు వచ్చి చూస్తారంట. నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాదండి, ఇది ప్లాస్టరు."

"దిష్టిబొమ్మా?" అన్నాడు సిద్ధార్థ్ సన్నగా.

"అదేనండి, ఆ మూలన నోరు తెరుచుకుని ఉంది చూడండి, కోరలూ అదీనూ. రాత్రి సూరిబాబుగారు వెళ్లిపోయేక నిచ్చెనేసి నేనే తీసేనండి."

"అట్టాంటివి చుట్టూ చిన్నచిన్నవి చాలా ఉండాయి గదా. అవి తియ్యలేదే?" అంది ఆపా.

"అవి బిల్డింగుతో పాటు కొలత పెట్టి చేసినవండి. అదొక్కటే కొలత లేకుండా పెద్దగా, తర్వాత తెచ్చి తగిలించినట్టుంది. దిష్టిబొమ్మ ఎక్కడైనా అలాగే కదండీ ఉంటాది."

సిద్ధార్థ్ తల పట్టుకున్నాడు. "అది పదమూడో శతాబ్దంలో పెట్టిన గార్గాయిల్!"

గంగాభవాని నోరు నొక్కుకుంది. "అప్పట్నుంచీ తియ్యలేదాండీ?"

నేను కెమెరా వెనక మొహం దాచుకున్నాను. నవ్వితే ఆ కుర్రాడు చంపేసేలా ఉన్నాడు.

"ఇప్పుడు యాడుండాది?" అంది ఆపా.

"చీపుర్ల గదిలో ఉందండి. పారే నీళ్లలో వెయ్యాలి గానీ, మఫ్రఖ్‌లో ఏరెక్కడుందండీ? సెలవురోజు బీచికెళ్లినప్పుడు వేసేద్దామని బకెట్లో పెట్టి గోడవైపు తిప్పేను. తేలిగ్గానే ఉందండి. ఒంటి చేత్తో దింపేసేను."

ఆదిశేషు చీపుర్ల గదికి పరిగెత్తాడు. అతను బకెట్ పట్టుకుని తిరిగొచ్చేసరికి షెడ్డులో పనివాళ్లంతా చేరి చప్పట్లు కొట్టారు. మృగం తల బకెట్లోంచి కోరలు బయటపెట్టి చూస్తోంది. నేనైతే మనసులో లంచ్ డబ్బా మూత తీసేశాను. వస్తువు దొరికింది, సూరిబాబు బయటపడ్డాడు, ఇంకేముంది?

ఆపా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆవిడ బకెట్‌ని చూడటం లేదు. సిద్ధార్థ్ మొహం చూస్తోంది. పోయిన వస్తువు దొరికినవాడి మొహం కాదది. గోడవతల పారేసిన పిల్లి మళ్లీ వంటింట్లో కనిపించినవాడి మొహం.

"నాకివ్వండి!" అన్నాడు సిద్ధార్థ్ ముందుకొచ్చి. "చాలా డెలికేట్. నేనే ప్యాక్ చేస్తాను."

"ఒక్క నిమిషం నాయనా," అని ఆపా తలని బకెట్లోంచి ఎత్తింది. ఒంటి చేత్తోనే ఎత్తింది. "ఎనిమిది కిలోలన్నావు గదా? నాది కీళ్లనొప్పుల చెయ్యి. దీనికి నొప్పే తెలవలేదే!"

"రాయి ఎండాకాలం కొంచెం బరువు తగ్గుతుంది మేడమ్."

లండన్ చదువు ఆ వాక్యంతో అయిపోయింది. ఆపా మృగాన్ని బల్లమీద బోర్లా పెట్టి, ఫ్లాస్కు మూత తీసి, మెడమీది కాలవలో వేడి సులేమానీ ధారగా పోసింది.

"ఏం చేస్తున్నారు!" అని అరిచాడు సిద్ధార్థ్.

"నువ్వు చెప్పిన పాఠమే నాయనా. ఏడువందల ఏళ్లు వానలు మింగిన గొంతు, నా చాయ్ మింగదా?"

మింగలేదు. చాయ్ కాలవ నిండి, పొంగి, బల్లమీదుగా కారి ఆదిశేషు బూట్ల మీద పడింది. మృగం నోరు తెరుచుకునే ఉంది గానీ ఒక్క చుక్క బయటికి రాలేదు. గొంతు దగ్గర మూసుకుపోయి ఉంది. తడిసిన చోట రంగు కరిగి తెల్లటి ప్లాస్టరు బయటపడింది.

"ఉత్త బొమ్మ," అంది ఆపా. "అసలుది ఎవరో ఎప్పుడో మార్చేసినారు."

సిద్ధార్థ్ జేబులోంచి ఫోను తీశాడు. "ఎక్స్‌క్యూజ్ మీ, అర్జెంట్ కాల్," అని బయటికెళ్లాడు. ఫోను మోగలేదు. ఆ సంగతి నేను గమనించాను, ఆపా అంతకు ముందే గమనించింది.

*

సూరిబాబుని పిలిపించారు. బల్లమీద తల చూడగానే అతని మొహం వెలిగింది. "ఇది నేను పోసిందేనండి!"

ఆదిశేషు గాల్లోకి లేచాడు. "ఒప్పుకున్నాడు! విన్నారుగా, ఒప్పుకున్నాడు!"

"ఆగవయ్యా. ఎవరు పొయ్యమన్నారు బేటా?"

"సిద్ధార్థ్ సారేనండి. రంజాన్ ముందు. అసల్దానికి అచ్చు తీయించి, ఇంకోటి కావాలన్నారు. పాత రాయిలాగా రంగేసేను. గొంతుకి బెజ్జం పెట్టనా అనడిగితే, ఎందుకు, నీళ్లు పొయ్యం కదా అన్నారండి."

"అబద్ధం!" అన్నాడు ఆదిశేషు. "సిద్ధార్థ్ గారు పోయిందని మొదట చెప్పిన మనిషి. దొంగే వచ్చి దొంగతనం అని అరుస్తాడా?"

"మూర్తీ, ఆ ఫోటో చూపించు."

కెమెరా తెర పెద్దది చేసి ఇద్దరి ముందూ పెట్టాను. తలుపు దగ్గర నుంచి తీసిన ఫోటో. ముందు కట్టడం పక్క గోడ, గోడని మోస్తున్న రాతి చేతులు వరసగా, వాటి మీద కొనదేలిన చిన్న శిఖరాలు. ఉత్తరపు బురుజు మూల సరిగ్గా ఒక రాతి చేతి వెనక ఉంది. మృగం ఉన్నా కనపడదు, లేకపోయినా కనపడదు.

ఆదిశేషు ఫోటోని తలకిందులుగా కూడా తిప్పి చూశాడు.

"నిచ్చెనెక్కితేనే కనపడతాది," అంది ఆపా. "పొద్దున్నే తను పెట్టిన దొంగబొమ్మ సరిగ్గా ఉండాదా లేదా అని ఎక్కి చూసుంటాడు. చూస్తే అదీ లేదు! ఏ దేవుడో తన పని తేలిక చేశాడనుకోని సంబరపడ్డాడు. నకిలీ పోయింది, ఇంక దాన్ని ఎవురూ పరీక్ష చెయ్యరు. నేరం సూరిబాబు నెత్తిన రుద్ది, సాయంత్రానికి ఊరికి పంపేస్తే సరి. ఈ అక్క బొమ్మ తీసేసి సిద్ధార్థ్‌ని బతికించింది, మళ్లీ బకెట్ సంగతి చెప్పి ముంచింది."

"నేనేటి చేసేనండీ?" అంది గంగాభవాని భయంగా.

"నువ్వు దిష్టి తీశావు తల్లీ. అంతే."

ఆదిశేషు మీసం కొసలు కిందికి దిగాయి. "మరి అసలు తల ఏదండీ?"

ఆపా సూరిబాబు వైపు తిరిగింది. "నీ పెట్టెలో ఏమేముండాయి?"

"బట్టలండి. పిల్లలకి చాక్లెట్లు, పాలపొడి. మా వదినకి దుప్పటి. రాధాకృష్ణ గారిచ్చిన మందులు, వాళ్లబ్బాయికండి. సిద్ధార్థ్ సారిచ్చిన రోలు. సల్మాగారి సెంటు సీసాలు..."

"రోలా?"

"మసాలా దంచుకునే చిన్న రాతిరోలండి. మొరాకోదంట. వాళ్లమ్మగారికి. హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి మనిషొచ్చి తీసుకుంటాడన్నారు."

"నిన్ను దొంగని చేసి పంపిస్తా ఉండే మనిషి పొట్లం ఇస్తే తీసుకున్నావా?"

సూరిబాబు తెల్లబోయి చూశాడు. "ఊరెళ్లేవాడికి ఎవరైనా ఇస్తారు కదండీ. కాదంటే ఏం బాగుంటాది? ఇప్పి చూడ్డం కూడా మర్యాద కాదండి."

ఆ మర్యాద సంగతి నాకు బాగా తెలుసు. నేను ఊరెళ్లినప్పుడల్లా నా పెట్టెలో నావి నాలుగు చొక్కాలుంటాయి, మిగతాదంతా నైఫ్‌వాళ్ల సొత్తు. ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టు కూడా మోశాను.

"హైదరాబాదులో రోళ్లకి కరువొచ్చిందా?" అంది ఆపా. "ఈడ్నించి బంగారం పంపేవాళ్లని చూశాను, ఖర్జూరం పంపేవాళ్లని చూశాను. రోలు పంపేవాణ్ణి ఇదే చూడటం. ఆదిశేషూ, నువ్వు పెట్టె అడుగుదాకా వెతికినావు గదా?"

ఆదిశేషు చెయ్యి మళ్లీ వాకీటాకీ మీదికి వెళ్లింది. 

"వెతికిన తర్వాతండీ," అన్నాడు సూరిబాబు అమాయకంగా, "సారొచ్చి పొట్లం ఈయన చేతికే ఇచ్చేరండి. ఈయనే లోపల పెట్టి తాడు కట్టేరు. బాగా బిగించేరు కూడానండి."

"నేనా? నాకు గుర్తులేదు," అన్నాడు ఆదిశేషు. అంటూ నేలవైపు చూశాడు. అతనికి గుర్తుందని, ఆ గుర్తు బయటపెడితే ఉద్యోగం పోతుందని, అందుకని ఈ జన్మలో బయటపెట్టడని ఆ మొహం మీద అచ్చేసినట్టు కనిపించింది.

అందరం గార్డు గదికి వెళ్లాం. సూరిబాబే తాళ్లు కోశాడు. దుప్పటి తీశాడు, చాక్లెట్లు తీశాడు. నాలుగు పొరల అరబ్బీ పేపరు విప్పి, రెండు చేతులతో బరువుగా పైకెత్తాడు.

రోలు కాదు. నల్లబడిన రాయి, అరిగిన కోరలు, సగం విరిగిన చెవి. ఆపా మిగిలిన చాయ్ దాని మెడమీది కాలవలో పోసింది. మృగం గడగడా తాగి, నోట్లోంచి సన్నటి ధారగా నేలమీదికి ఉమ్మింది. సూరిబాబు చెయ్యి దాని గొంతు కింద ఆగింది. "ఎంత నున్నగా చెక్కేడండీ ఆ మేస్త్రీ," అన్నాడు. తనెంత ప్రమాదంలో ఉన్నాడో మరిచిపోయి అన్నాడు.

అప్పుడే గేటు వాచ్‌మన్ అయూబ్ రొప్పుతూ వచ్చాడు. "సాబ్, పోలీస్ ఆయా! సిద్ధార్థ్ సాబ్ బులాయా. చోరీ కా మాల్ సూరిబాబు కే కార్టన్ మే హై, బోలా!"

దొంగసొత్తు సూరిబాబు పెట్టెలో ఉందని చెప్పి పోలీసులని పిలిచింది సిద్ధార్థే. చాయ్ పొయ్యగానే ఆ కుర్రాడు బయటికెళ్లి చేసిన ఫోను అదన్నమాట. తల ఎలాగూ పోయింది, తనైనా మిగలాలనుకున్నాడు. పెట్టె సూరిబాబుది. దాని మీద అతని పేరు, ఊరు, జిల్లా. నకిలీ పోసింది అతనే. అసలుది ఇప్పుడు అతని రెండు చేతుల్లో ఉంది. బయట బండి తలుపులు పడిన చప్పుడు, బూట్ల అడుగులు. సిద్ధార్థ్ గొంతు వినిపించింది. "దిస్ వే, ఆఫీసర్."

"నేను చెప్తానండి, సారే ఇచ్చేరని," అన్నాడు సూరిబాబు. 

"నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారు బేటా? చూసినోడు చెప్పాల." ఆపా మృగం తలని అతని చేతుల్లోంచి తీసుకుంది. రెండడుగులు వేసి ఆదిశేషు ముందు ఆగింది. "కాస్త పట్టుకోవయ్యా. నాకు కీళ్లనొప్పులు."

పెద్దావిడ బరువు అందిస్తే అందుకోకుండా ఎలా ఉంటాడు? అందుకున్నాడు. ఎనిమిది కిలోలు గుండెకి హత్తుకున్నాక గానీ అతనికి తెలియలేదు, తనేం పట్టుకున్నాడో.

తలుపు తెరుచుకుంది. ముందు ఇద్దరు పోలీసులు, వెనక సిద్ధార్థ్. చూపుడువేలు సిద్ధంగా పెట్టుకునే వచ్చాడు. "అదిగో, దొంగ..." అని వేలు చాపాడు. చాపిన వేలికి ఎదురుగా, దొంగ సొత్తు రెండు చేతులా కౌగిలించుకుని, సెక్యూరిటీ మేనేజరు ఆదిశేషు నిలబడి ఉన్నాడు.

పెద్ద పోలీసు అతన్ని కింది నుంచి పైదాకా చూసి, నడుముకున్న బేడీల మీద చెయ్యి వేశాడు.

"నేను కాదండీ!" ఆదిశేషు కేక షెడ్డుదాకా వినిపించి ఉంటుంది. "ఈ పొట్లం సిద్ధార్థ్ గారిచ్చారు! నా చేతికే ఇచ్చారు! వాళ్లమ్మకి రోలన్నారు! నేనే పెట్టెలో పెట్టాను, నేనే తాడు కట్టాను, అంతా గుర్తుంది నాకు! సూరిబాబుకి ఏ పాపం తెలీదండీ!"

సూరిబాబు తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత వాటితో మొహం కప్పుకున్నాడు.

సిద్ధార్థ్ వేలు ఇంకా గాల్లోనే ఉంది. పోలీసులకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆపా ఖాళీ ఫ్లాస్కుకి మూత బిగించుకుంటూ, "హిందీలో చెప్పవయ్యా ఆదిశేషూ," అంది. "మొదట్నించీ, తాడు ముడితో సహా చెప్పు."